నైట్రేట్ 80 దగ్గర ఎందుకు ఆగింది: మందుల కంటే ముందు మీరు పోసే నీటిని పరీక్షించండి

మహబూబ్‌నగర్‌లో పద్నాలుగు నెలలుగా మూడడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) నడుపుతున్న మీరు, ప్రతి ఆదివారం పది శాతం నీరు మారుస్తున్నప్పటికీ నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర, ఫాస్ఫేట్ 0.52 పీపీఎం దగ్గర కదలకుండా ఉండిపోయాయని రాశారు. రాళ్ల మీద జుట్టులాంటి పచ్చ పాచి దట్టంగా పెరుగుతోందని, రెండు అక్రోపోరా పగడపు ముక్కల్లో ఒకటి గోధుమరంగుకు తిరిగిందని, రెండోది మొదలు నుంచి చర్మం ఊడి చనిపోయిందని కూడా చెప్పారు. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టే ఐరన్ ఆక్సైడ్ గింజలు), వెనిగర్, లాంథనం క్లోరైడ్ అనే మూడింటిలో దేనితో మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్న. నల్లగొండలో పన్నెండేళ్లుగా పగడాలు పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ మూడింటిలో దేన్నీ ఈ నెలలో ముట్టుకోవద్దు. మీరు ఇచ్చిన అంకెలనే వరుసగా పేర్చి చూస్తే, మీ ట్యాంకుకు నైట్రేట్‌ను వదిలించుకునే శక్తి తక్కువగా ఉండడం కంటే, మీకు తెలియకుండా బయటి నుంచి నైట్రేట్ వచ్చి చేరుతుండడమే పెద్ద సమస్య అని నాకు అనిపిస్తోంది. అది వచ్చే దారి మీరు రోజూ పోసే నీరు.

అక్కడికి వెళ్లే ముందు కొలతల సంగతి చూద్దాం. ఫాస్ఫేట్‌ను మీరు హన్నా ఫాస్ఫరస్ చెకర్‌తో కొలిచి, తెర మీద వచ్చిన 170 పీపీబీ (పీపీఎంలో వెయ్యో వంతు) ఫాస్ఫరస్‌ను 3.066తో హెచ్చించి 0.52 పీపీఎం ఫాస్ఫేట్‌గా మార్చారు; లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఆ పరికరం 200 పీపీబీ వరకే చూపగలదు కాబట్టి మీరు దాని కొసన ఉన్నారు. చిన్న సీసా మీద ఒక వేలిముద్ర ఉన్నా, పొడి కలిపాక లోపల ఒక గాలిబుడగ మిగిలినా అంకె పైకి పోతుంది. పరికరాన్ని సున్నా చేయడానికీ కొలవడానికీ ఒకే సీసాను, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకే వైపు తిప్పి పెట్టండి. వరుసగా మూడు రోజులు కొలిచి మధ్య అంకెను నమ్మండి. నైట్రేట్‌ను మీరు రంగు పోల్చి చూసే కిట్‌తో కొలిచారు. 50కి, 100కి మధ్య ఉన్న గులాబీ రంగుల తేడా కంటికి ఆనదు. అందుకని ఒక వంతు ట్యాంకు నీటికి మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించండి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను కాకుండా అందులోని నైట్రోజన్‌ను మాత్రమే చూపుతాయి. అలాంటి అంకెను 4.43తో హెచ్చిస్తేనే నైట్రేట్ వస్తుంది. కిట్ కాగితం మీద ఏ రూపంలో ఇచ్చారో ఒకసారి చదివి చూడండి. ఈ ఒక్క పొరపాటు వల్ల లేని జబ్బుకు మందు వేసినవాళ్లను నేను చూశాను.

మీ అంకె నిజంగా 80 అనుకుందాం. వారానికి పది శాతం నీరు మారుస్తూ నైట్రేట్ 80 దగ్గర నిలకడగా ఉందంటే, ప్రతి వారం మీరు తీసేది ఎనిమిది పీపీఎం, ఆ వారంలోనే మళ్లీ వచ్చి చేరేదీ ఎనిమిది పీపీఎం అని అర్థం. రాబడి, పోక సమానమైన చోట అంకె ఆగిపోతుంది. ఎనిమిది రాబడి ఉన్నంత కాలం పది శాతం మార్పుతో మీరు పదేళ్లు శ్రమపడినా 80 కిందికి రాదు. ఇరవై శాతం మారిస్తే 40 దగ్గర ఆగుతుంది. అదే రాబడిని మూడుకు తగ్గించగలిగితే, ఇప్పటి పది శాతం మార్పుతోనే అది మెల్లగా 30కి దిగుతుంది. కాబట్టి ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వస్తోందో విడదీసి చూడడమే అసలు పని.

మొదటి మూలం మేత. ఎండు గుళికల మేత ఒక గ్రాము తీసుకుంటే, అందులో దాదాపు 45 శాతం మాంసకృత్తులు, ఒక శాతం ఫాస్ఫరస్ ఉంటాయి. మాంసకృత్తుల్లో 16 శాతం నైట్రోజన్. ఆ గ్రాము మేత చేప కడుపులోంచి వచ్చినా, రాయి సందులో కుళ్లినా, చివరికి బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా, నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. ఏదీ బయటికి పోకపోతే, మీ 200 లీటర్ల నీటిలో ఆ ఒక్క గ్రాము 1.6 పీపీఎం నైట్రేట్‌నూ, 0.15 పీపీఎం ఫాస్ఫేట్‌నూ పెంచుతుంది. ఒక గ్రాము అంటే చిటికెడుకు కొంచెం ఎక్కువ. మీరు పూటకు రెండు చిటికెలు, అది కాక రాత్రికి ఒక గడ్డకట్టిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవి) ముక్క వేస్తున్నానన్నారు. నగలు తూచే చిన్న త్రాసు ఒకటి కొని వారం రోజులు మేతను తూచి వేయండి. చేతితో వేసేటప్పుడు ఎంత వేస్తున్నామో మనకు నిజంగా తెలియదు. మైసిస్ ముక్కను కరిగించి ఆ నీటిని పారబోస్తే ఫాస్ఫేట్ తగ్గుతుందని చాలామంది చెబుతారు. పారబోయండి, తప్పు లేదు. కానీ ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం రొయ్య శరీరంలోనే ఉంటుంది గనుక దానివల్ల కలిగే మేలు కొద్దిదే.

ఇక్కడే మీ అంకెల్లో నన్ను ఆపిన విషయం ఉంది. మేత ద్వారా నైట్రేట్, ఫాస్ఫేట్ ఇంచుమించు పదికి ఒకటి చొప్పున వస్తాయి. పాచి, బ్యాక్టీరియా కూడా దాదాపు అదే పాళ్లలో వాటిని తింటాయి. సముద్ర జీవుల్లో కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ అణువులు 106కు 16కు 1 చొప్పున ఉంటాయని సముద్ర శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గుర్తించిన నిష్పత్తిని బరువుల్లోకి మారిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ పదికి ఒకటిగానే తేలుతాయి. మీ ట్యాంకులో మాత్రం నైట్రేట్ ఫాస్ఫేట్‌కు 150 రెట్లకు పైగా ఉంది. ఇందులో కొంత భాగానికి కారణం రాళ్లు, ఇసుకే. అవి కాల్షియం కార్బొనేట్ కనుక ఫాస్ఫేట్‌ను తమ మీద అంటించుకుంటాయి, నైట్రేట్‌ను అంటించుకోవు. అందువల్ల ఈ నిష్పత్తిని మాత్రమే చూసి తీర్పు చెప్పలేము. అయినా ఇంత తేడా ఉన్నప్పుడు, ఫాస్ఫేట్ లేకుండా నైట్రేట్ ఒక్కటే వచ్చే దారి ఇంకేదైనా ఉందా అని వెతకడం న్యాయం. మన జిల్లాల్లో అలాంటి దారి నేలలోనే ఉంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ బోరు నీటి గురించి మాట్లాడితే అందరికీ ముందు ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తరాల తరబడి ఎముకలు వంగిన మనుషులను చూసిన వాళ్లం కనుక అది సహజమే. కానీ పొలాల్లో వేసే యూరియా, పశువుల కొట్టాలు, ఇళ్ల వెనుక సెప్టిక్ గుంతల వల్ల నైట్రేట్ కూడా భూగర్భ జలంలోకి ఇంకుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం. మన ప్రాంతంలో ఆ గీత దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. నా ఇంటి బోరులో నేను చూసిన అంకె 60. ఆ నీటిని నేరుగా ట్యాంకులో పోయలేదని మీరు అంటారు. నిజమే, మీరు వంటింటి ఆర్వో నీటిని వాడుతున్నారు. ఆ నీటి టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) 85 అని కూడా రాశారు. ఆ 85లో ఏముందో ఆలోచించండి. తాగడానికి చేసిన ఆర్వో యంత్రంలో నీరు మరీ చప్పగా ఉండకూడదని టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. అది పొర గుండా రాని పచ్చి నీటిని కొంత తెచ్చి శుద్ధమైన నీటిలో కలుపుతుంది. మనిషికి మేలు చేసే ఆ ఏర్పాటు పగడానికి కీడు చేస్తుంది. పైగా ఆర్వో పొర కాల్షియంను, మెగ్నీషియంను ఆపినంత గట్టిగా నైట్రేట్‌ను ఆపలేదు.

ఇప్పుడు ఎండాకాలం లెక్క వేయండి. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా మనకు బయట 42 నుంచి 45 డిగ్రీలు ఉంటుంది. గాలి పొడిగా ఉంటుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఖరీదు భరించలేక మీరు నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టారు. పొడి గాలిలో ఆ ఫ్యాన్లు చాలా బాగా పనిచేస్తాయి, నా దగ్గర కూడా అవే ఉన్నాయి. కానీ అవి నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తాయి. మీ ట్యాంకు నుంచి రోజుకు ఆరు లీటర్లు పోతున్నాయని రాశారు. ఆవిరి శుద్ధ జలంగా పోతుంది; మీరు పోసే నీటిలో ఉన్న ప్రతిదీ ట్యాంకులోనే మిగులుతుంది. ఆ ఆర్వో నీటిలో నైట్రేట్ లీటరుకు కేవలం పది మిల్లీగ్రాములే అనుకున్నా, రోజుకు 60 మిల్లీగ్రాములు, అంటే 200 లీటర్లలో రోజుకు 0.3, వారానికి రెండు పీపీఎం పైచిలుకు. అదే నీటితో ఉప్పు కలిపి ఆదివారం మార్చే ఇరవై లీటర్ల ద్వారా ఇంకొక పీపీఎం. మీ వారపు ఎనిమిదిలో మూడింటికి పైగా ఇలా వస్తోంది. ఆ పది అంకె ఇరవై అయితే ఆరింటికి పైగా వస్తుంది, అప్పుడు మీ చేపల తప్పు దాదాపు ఏమీ లేనట్టే. తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడి వాళ్లకు ఈ సమస్య ఇంత తీవ్రంగా ఉండదు. వాళ్లు ఇచ్చే సలహాలలో టాప్ అప్ (ఆవిరైన దానికి బదులు పోసే) నీటి ప్రస్తావన తక్కువగా ఉండడానికి కారణం అదే కావచ్చు.

కాబట్టి మొదట చేయవలసింది, ఆ ఆర్వో నీటినే గ్లాసులో పట్టి మీ నైట్రేట్ కిట్‌తో పరీక్షించడం. టీడీఎస్ మీటర్ మొత్తం లవణాలను చెబుతుంది కానీ అందులో నైట్రేట్ ఎంతో చెప్పదు. ఆ తర్వాత, మీ ఆర్వో యంత్రాన్ని అమర్చిన మనిషిని పిలిచి, మెంబ్రేన్ (ఆర్వో పొర) నుంచి వచ్చే గొట్టానికి టీడీఎస్ కంట్రోలర్‌కూ మినరల్ కార్ట్రిడ్జ్‌కూ ముందే ఒక టీ జాయింటు వేయించి, ఆ పాయను మిగిలిన లవణాలను పట్టే మిక్స్‌డ్ బెడ్ డీఐ రెజిన్ నింపిన డబ్బా గుండా పంపించండి. దాని చివర టీడీఎస్ సున్నా రావాలి, ఐదు కాదు. యంత్రం మొదలైన మొదటి రెండు మూడు నిమిషాల నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి గనుక దాన్ని పక్కన పోసి, తర్వాతి నీటిని పట్టుకోండి. అలా చేస్తే రెజిన్ ఎక్కువ కాలం వస్తుంది. మీటర్ ఒకటి, రెండు చూపడం మొదలైన రోజే రెజిన్ మార్చండి. అయిపోయిన రెజిన్ పట్టడం మానేయడంతో ఆగదు, అంతకుముందు బలహీనంగా పట్టుకున్న అయాన్లను కూడా నీటిలోకి వదిలేస్తుంది. మీ ఇంటికి మిషన్ భగీరథ నీరు వస్తుంటే ఆర్వోకు బోరు నీటికి బదులు ఆ నీటినే ఇవ్వండి; కృష్ణా నది నీరు కనుక లవణ భారం తక్కువ, మెంబ్రేన్, రెజిన్ రెండూ మన్నుతాయి. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందున్న కార్బన్ ఫిల్టర్‌ను మాత్రం వేళకు మార్చాలి. వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్ నీరు కూడా రుచి కోసం కలిపిన నీరే, ప్లాంటుకో రకంగా ఉంటుంది. సూర్యలంక వెళ్లి క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకోవచ్చా అని కూడా అడిగారు. ఒడ్డున దొరికేది కృష్ణా డెల్టా కాలువలు, ఎరువులు, బురద కలిసిన నీరు; అంత దూరం వెళ్లి నైట్రేట్‌ను మోసుకురావద్దు.

నీటి దారి మూసిన తర్వాత ట్యాంకు లోపలికి రావచ్చు. స్కిమ్మర్ (గాలిబుడగల నురుగుతో మురికిని తీసే పరికరం) నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ నేరుగా తీయలేదు. అవి తయారు కావడానికి ముందే, మాంసకృత్తులు ఇంకా కరిగి ఉన్న దశలో, నురుగుతో బయటికి తీస్తుంది. మీ స్కిమ్మర్ కప్పులో వారానికి రెండు వేళ్ల మందం నల్లటి ముద్ద పేరుకుంటోందని చెప్పారు. దాన్ని చూసి స్కిమ్మర్ బాగా పనిచేస్తోందని అనుకోవద్దు. నీటి మట్టాన్ని కొంచెం పైకి తెచ్చి, కాఫీ రంగులో పలుచటి నీరు రోజూ అరకప్పు వచ్చేలా సరిచేయండి. మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురుగు పైకి ఎక్కదు, కాబట్టి రెండు రోజులకోసారి తుడవాలి. సంపులో పెట్టిన స్పాంజిని (ఇంటి నీళ్ల సంపు అనుకోకండి, ట్యాంకు కింద ఉన్న గాజు సంపు గురించి చెబుతున్నాను) మీరు నెలకోసారి కడుగుతున్నారు. ఆ నెల రోజులూ అందులో చిక్కిన మలం, మేత అక్కడే కుళ్లి నీటిలోనే కలుస్తున్నాయి. స్పాంజి తీసేసి అక్వేరియం ఫిల్టర్ దూది (ఫిల్టర్ ఫ్లాస్) పెట్టండి, మూడు రోజులకోసారి పారేయండి. రాళ్ల సందుల్లోని మడ్డిని నీటి మార్పుకు ముందు చిన్న పంపుతో ఊదించి లేపి, ఇసుకను ఒక్కో వారం మూడో వంతు మాత్రమే సైఫన్‌తో శుభ్రం చేయండి. పద్నాలుగు నెలలు కదపని ఇసుకను ఒకే రోజు తిరగేస్తే, గాలి అందని కింది పొరల్లోని విషవాయువు నీటిలో కలిసి చేపలు చనిపోయే ప్రమాదం ఉంది.

చేపల విషయంలో ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. రెండు క్లౌన్‌లు, రెండు క్రోమిస్‌లు, ఒక రాయల్ గ్రామా మీ ట్యాంకుకు సరిపోతాయి. ఫాక్స్‌ఫేస్ సరిపోదు. పాచి తింటుందని మీకు అమ్మారు, అది నిజమే, కానీ అది జానెడు పొడవు పెరిగే చేప, తిన్న పాచిని మళ్లీ ఆ నీటిలోనే వదులుతుంది. మూడడుగుల గాజు పెట్టెలో అది తిరగలేక తిరుగుతుంటే చూడడం కూడా బాధగానే ఉంటుంది. ఐదడుగుల ట్యాంకు ఉన్నవారికి ఇచ్చేయండి.

ఈ పనులన్నీ చేసి, సున్నా టీడీఎస్ నీటితో వారానికి ఇరవై శాతం చొప్పున ఐదు వారాలు మార్చితే, రాబడి లేనప్పుడు 80 అంకె 26కు దిగుతుంది; మేత రాబడి ఉంటుంది కాబట్టి మీకు 35 నుంచి 40 మధ్య కనిపించవచ్చు. నలభై లీటర్లకు సుమారు కిలోన్నర ఉప్పు పడుతుంది, అదొక ఖర్చే. కొత్త నీటి ఉప్పుదనం 35, ఉష్ణోగ్రత, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ట్యాంకుతో సరిపోలితే, నైట్రేట్ ఇలా తగ్గడం వల్ల పగడాలకు దెబ్బ తగలదని నా అనుభవం. దెబ్బ తీసేది ఫాస్ఫేట్‌ను హఠాత్తుగా తగ్గించడం.

నీటి మార్పులతో నైట్రేట్ 40 దగ్గర ఆగితే అప్పుడు వెనిగర్ మొదలుపెట్టండి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బ్యాక్టీరియాకు ఆహారం. అవి పెరుగుతూ నైట్రేట్‌ను, కొద్దిగా ఫాస్ఫేట్‌ను శరీరంలో కట్టుకుంటాయి, వాటిని స్కిమ్మర్ తీసేస్తుంది. రాళ్ల లోపల గాలి అందని చోట ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. ఐదు శాతం ఆమ్లం ఉన్న, రంగు, రుచి కలపని తెల్ల వెనిగర్ చాలు. మీ 200 లీటర్లకు రోజుకు రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, వారానికి రెండు చొప్పున మాత్రమే పెంచుతూ, నైట్రేట్ దిగడం కనిపించిన చోట ఆగిపోండి. కొందరు వోడ్కా వాడతారు. ఒక మిల్లీలీటర్ వోడ్కా ఎనిమిది మిల్లీలీటర్ల వెనిగర్‌కు సమానం, కొలత కొంచెం తప్పినా పెద్ద తప్పు అవుతుంది కనుక కొత్తవారికి వెనిగరే మేలు. నీరు పాలు కలిపినట్టు తెల్లగా మారితే వెంటనే ఆపాలి.

వెనిగర్‌ను ఎప్పుడూ ఉదయం పూటే, నీటి ప్రవాహం బలంగా ఉన్న చోట, బొట్టుబొట్టుగా వేయాలి. దీనికి నేను చెల్లించిన మూల్యం ఉంది. ఒక మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఆ రోజు మోతాదు వేశాను. గంట తర్వాత గాలిదుమారం లేచి కరెంటు పోయి, తెల్లవారేదాకా రాలేదు. నీరు 30 డిగ్రీలు దాటింది. సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర 6.2నే పట్టుకుంటుంది. వెనిగర్ తిని పెరిగిన బ్యాక్టీరియా ఆ ఉన్నదాన్నీ పీల్చేసింది. ఉదయానికి నాలుగేళ్లుగా పెంచిన క్లౌన్ జంట చనిపోయి ఉంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉండి ఉంటే అవి బతికేవి. మీరు ఆ పంపు కొన్న తర్వాతే వెనిగర్ సీసా మూత తీయండి.

నైట్రేట్ దిగేటప్పుడు ఆల్కలినిటీ మీద కూడా ఒక కన్ను వేయాలి. 50 పీపీఎం నైట్రేట్ తయారైనప్పుడు నీరు 2.3 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) మేర ఆల్కలినిటీని కోల్పోతుంది. బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను తిరిగి విరిచినప్పుడు అంతా వెనక్కి వస్తుంది. ఆల్కలినిటీ పెంచడానికి మీరు ఇప్పటిదాకా వేస్తున్న బఫర్ మోతాదునే వేస్తూ పోతే ఆల్కలినిటీ పెరిగి, పోషకాలు తగ్గుతున్న సమయంలోనే అక్రోపోరా కొనలు కాలిపోతాయి. ఎనిమిది డీకేహెచ్ దగ్గర నిలపండి, వారానికి రెండుసార్లు కొలవండి.

ఇక ఫాస్ఫేట్. జీఎఫ్‌ఓను ఇప్పుడే వద్దని చెప్పడానికి కారణం పైన చెప్పిన నిష్పత్తే. బ్యాక్టీరియా నైట్రేట్‌ను తినాలంటే దానికి తోడుగా ఫాస్ఫేట్ కావాలి. మీరు వెనిగర్, జీఎఫ్‌ఓ ఒకేసారి మొదలుపెడితే ఫాస్ఫేట్ ముందు అడుగంటుతుంది, నైట్రేట్ 30 దగ్గర నిలిచిపోతుంది, మీరు వెనిగర్ సరిపోలేదని ఇంకా పెంచుతారు. అందుచేత నైట్రేట్ 20 కిందికి వచ్చేదాకా ఆగండి. అప్పటికి ఫాస్ఫేట్ 0.2కు పైనే ఉంటే, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు జీఎఫ్‌ఓను ఆర్వో నీటిలో బాగా కడిగి, రియాక్టర్ అనే గొట్టంలో గింజలు పైపైన మాత్రమే కదిలేంత ప్రవాహంతో నడపండి. వారానికి 0.05 నుంచి 0.1 వరకు తగ్గితే చాలు. మొదటి రెండు రోజులు అంకె తగ్గి, నాలుగో రోజుకు మళ్లీ పెరిగితే జీఎఫ్‌ఓ నకిలీదని అనుకోవద్దు. చెమ్మ పట్టిన గోడను పైపైన ఆరబెడితే లోపలి తడి మళ్లీ పైకి వచ్చినట్టు, పద్నాలుగు నెలలుగా రాళ్లలో చేరిన ఫాస్ఫేట్ నీటిలోకి తిరిగి వస్తుంది. నీటి మార్పులతో నైట్రేట్ దిగినా ఫాస్ఫేట్ దిగకపోవడానికి కారణం కూడా ఇదే. అది పూర్తిగా బయటికి రావడానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు.

నేను రెండో ఏట ఆ ఓపిక చూపలేదు. నిండు మోతాదు జీఎఫ్‌ఓ వేసి నాలుగు రోజుల్లో ఫాస్ఫేట్‌ను 0.4 నుంచి చెకర్ చూపలేనంత కిందికి దించాను. వారంలోపు మూడు అక్రోపోరాల చర్మం పొరలుపొరలుగా ఊడిపోయింది. నెల తిరిగేసరికి ఇసుక మీద గోధుమరంగు తీగల్లాంటి, బుడగలు పట్టిన జిగురు పరుచుకుంది, అది డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవి. పోషకాలు సున్నా అయిన చోట పచ్చ పాచి, మంచి బ్యాక్టీరియా వెనక్కి తగ్గితే ఆ ఖాళీని అది ఆక్రమిస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి నేను ఫాస్ఫేట్‌ను, నైట్రేట్‌ను సీసాలతో తిరిగి పోయవలసి వచ్చింది, ఐదు నెలలు పట్టింది. పగడం లోపల ఉండే సూక్ష్మ శైవలాలకు కూడా ఆ రెండూ ఆహారమే. ఫాస్ఫేట్ మరీ ఎక్కువైతే పగడం అస్థిపంజరం కట్టడం మందగిస్తుంది, మరీ లేకపోతే పగడమే పాలిపోయి ఆకలితో పోతుంది. అందుకే మీ గమ్యం నైట్రేట్‌కు 5 నుంచి 10, ఫాస్ఫేట్‌కు 0.05 నుంచి 0.1. అంతకంటే కిందికి దించాలన్న కోరిక పెట్టుకోవద్దు.

లాంథనం క్లోరైడ్ మీ ట్యాంకుకు అవసరం లేదు. అది ఫాస్ఫేట్‌ను సన్నటి తెల్ల పొడిగా మార్చి కిందికి దించుతుంది. ఆ పొడిని పది మైక్రాన్‌ల కంటే సన్నటి ఫిల్టర్ సాక్‌తో పట్టకపోతే చేపల మొప్పల్లో చేరుతుంది, ఆల్కలినిటీని కూడా తగ్గిస్తుంది. ఎన్నో ఏళ్ల పాత రాళ్లలోంచి ఫాస్ఫేట్ తీయడానికి, అదీ చేపలు లేని వేరే తొట్టిలో వాడడం మంచిది.

దానికి పెట్టే డబ్బుతో సంపులో ఒక గదిని ఖాళీ చేసి, చేటోమార్ఫా అనే తీగ పాచిని వేసి, పైన ఒక గ్రో లైట్ పెట్టండి. పెద్ద ట్యాంకు దీపాలు ఆరిన తర్వాత రాత్రంతా దాన్ని వెలిగిస్తే, రాత్రి పూట పీహెచ్ పడిపోకుండా కాస్త ఆపుతుంది, మన ఎండాకాలంలో పగటి వేడికి దీపం వేడి తోడు కాకుండా ఉంటుంది. గుప్పెడు వేస్తే నెలన్నరలో బుట్టెడు అవుతుంది. సగం తీసి మొక్కలకు ఎరువుగా వేయడానికి ముందు ఉప్పు పోయేలా మూడు నాలుగు సార్లు మంచినీటితో కడగండి. తీసిన ప్రతి గుప్పెడులో మీ రాళ్ల మీద జుట్టు పాచిగా పెరగవలసిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నాయి. ఉన్న జుట్టు పాచిని మాత్రం ఇప్పుడే చేతితో పీకి, నీటి మార్పు సమయంలో సైఫన్‌తో లాగేయండి. అది పెరగనీ, పోషకాలను తింటోంది కదా అని వదిలితే, నీడపడి లోపల కుళ్లి తిన్నదంతా తిరిగి ఇస్తుంది.

బతికున్న అక్రోపోరాను దీపం కింద నుంచి జరపకండి, కొత్త పగడాలేవీ రెండు నెలలు కొనకండి. ముందు ఆర్వో నీటి నైట్రేట్ అంకె, దాంతోపాటు మెంబ్రేన్ నుంచి నేరుగా పట్టిన నీటి టీడీఎస్, వారం రోజుల మేత బరువు, ట్యాంకు ఆల్కలినిటీ నాకు రాయండి. ఆర్వో నీటిలో నైట్రేట్ రెండు కంటే తక్కువ వస్తే నా అనుమానం తప్పని తేలుతుంది. అప్పుడు ఫాక్స్‌ఫేస్ నుంచి, స్పాంజి నుంచి, మేత త్రాసు నుంచి లెక్కను మళ్లీ కడదాం.